నర్సు మాట, రోగి గోడు

జ్వరము తెలిసికొనుటకు ఉష్ణమాపకము కలదు. రక్తపుపోటు కొలుచుటకు పట్టీ, గుండె చప్పుడు వినుటకు గొట్టము, విరిగిన ఎముకను చూచుటకు ఎక్సు కిరణములు కలవు. మనస్సు క్రుంగినదని కొలిచి చూపు పరికరము మాత్రము నేటికిని లేదు. మనోవ్యాధిగ్రస్తులకు కూడ రక్తపరీక్షలు చేయింతురు. కాని అవి థైరాయిడు లోపము, రక్తహీనత మొదలగు శరీర కారణములు ఉన్నవేమో తెలిసికొనుటకే. వ్యాధిని నిర్ణయించుటకు ప్రధానమైన ఆధారములు రెండు: రోగి నడవడి, రోగి మాట. కావున మానసిక వైద్యములో సంభాషణ అనునది మర్యాదకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. అది కొలత సాధనము. కొంతమేరకు మందు కూడ.

వార్డులో రోగికి డాక్టరు కంటె ఎక్కువసేపు దగ్గరగా ఉండునది నర్సు. అందుచేత ఆమె రోగితో మాటలాడవలసిన తీరును ఒక విద్యగా నేర్పుచున్నారు. దానికి ‘చికిత్సాత్మక సంభాషణ’ అని పేరు. మన దేశమున నర్సింగు పాఠ్యప్రణాళికలో కూడ ఇది చేరియున్నది. ఈ విద్య అమెరికాలో రూపుదిద్దుకొని, ఇంగ్లీషు పుస్తకముల ద్వారా మనకు వచ్చినది. కదిరి ప్రాంతపు రోగి ఎదుట ఇది ఎంతవరకు నిలుచును, ఎక్కడ తడబడును అని పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. నేను వైద్యుడను కాను. కాలేజిలో విజ్ఞానశాస్త్రము బోధించువాడను. ఒకచోట ఫలించిన సూత్రమును మరియొక పరిస్థితిలో పెట్టి పరీక్షించుట మా శాస్త్రములకు అలవాటు. ఆ పరీక్షయే ఇక్కడను చేయుచున్నాను.

ఇద్దరు నర్సులు

ముందుగా నేను కన్నులార చూచిన రెండు సంభాషణలు చెప్పెదను. మా చిన్నమ్మది కదిరికి దగ్గర పల్లె. రెండేండ్లు వరుసగా వేరుశనగ పోయినది. మూడవ ఏట బోరు ఎండినది. ఆమెకు కడుపులో మంట మొదలైనది. నిద్ర పోయినది. కడుపునకు మందులు వాడినను గుణము కనిపించలేదు. ఒక ఆసుపత్రికి నేనే తీసికొని వెళ్ళితిని. అక్కడి నర్సు నవ్వు మొగముతో పలుకరించి, ఇట్లనెను:

“ఏం కాదులే చిన్నమ్మా. ధైర్యంగా ఉండాల. నీకేం తక్కువ? ఇద్దరు కొడుకులుండారు కదా!”

చిన్నమ్మ తల ఊపినది. మరి మాటలాడలేదు. తిరుగు ప్రయాణములో బస్సులో నాతో, “ఆ పాప మంచిదేలే నాయనా. నా మాటే దాని చెవిన పడల్యా” అనెను.

రెండు నెలల తరువాత వేరొక ఆసుపత్రికి పోతిమి. అక్కడి నర్సు రక్తపుపోటు పట్టీ కట్టుచు, “రాత్రి పొద్దు ఎట్ల గడుస్తాంది చిన్నమ్మా?” అని అడిగెను. జవాబు రాలేదు. నర్సు తొందరపడలేదు, పట్టీని విప్పి చేతిలో పట్టుకొని, అట్లే నిలిచినది. కొంతసేపటికి చిన్నమ్మ, “బోరు ఆగిపోయిన కాడినుంచి...” అని ఆగినది. “ఊ... బోరు ఆగిపోయిన కాడినుంచి...” అని నర్సు అనెను. అప్పుడు చిన్నమ్మ నోరు విప్పినది. అప్పు సంగతి, ఊరిలో మొగము చూపలేకపోవుట, తెల్లవారకుండ ఉంటే బాగుండుననిపించుట, అన్నియు చెప్పినది. అంతయు పది నిమిషములలోపే. నర్సు ఆ మాటలు డాక్టరునకు తెలిపినది. డాక్టరు వ్యాధిని గుర్తించి మందు వ్రాసెను. చిన్నమ్మ చాల నెలలు మందు వాడినది. మాటతోనే వ్యాధి మాయమైనదని నేను చెప్పుట లేదు. ఆ మాట లేకున్న సరియైన మందు ఆమెకు అందియుండెడిది కాదని మాత్రము చెప్పుచున్నాను.

మొదటి నర్సు చెడ్డది కాదు. ఆమె బల్ల ముందర రోగుల వరుస పెద్దది. మన ఇండ్లలో పెద్దలు ఓదార్చు తీరుననే ఆమెయు ఓదార్చినది. కాని ఆ ఓదార్పు తలుపు మూసినది. రెండవ నర్సు ప్రశ్న తలుపు తెరచినది. ఈ భేదమును శాస్త్రము ఎట్లు వివరించుచున్నది?

పెప్లా గ్రంథము

ఈ విద్యకు మూలగ్రంథమని చెప్పదగినది 1952లో వెలువడిన ‘ఇంటర్‌పర్సనల్ రిలేషన్స్ ఇన్ నర్సింగ్’. రచయిత్రి హిల్డెగార్డ్ పెప్లా (1909–1999) అమెరికా దేశపు నర్సు. ఆమె రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికుల మానసిక చికిత్సాలయములో పనిచేసినది. మనోవైద్యుడు హ్యారీ స్టాక్ సల్లివన్ భావముల ప్రభావము ఆమెపై అధికము. మనోవ్యాధిని ఒక మనిషి లోపల మాత్రమే చూడక, మనుష్యుల నడుమ సంబంధములలో చూడవలెనని ఆయన వాదము. పెప్లా తన గ్రంథమును 1948 నాటికే ముగించినది. కాని డాక్టరు పేరు జతలేకుండ ఒక నర్సు పుస్తకము ప్రకటించుట ఆనాడు ఊహకందని పని. అందుచే అచ్చగుటకు నాలుగేండ్లు పట్టినది. నర్సు మాటకు విలువ కలదని చెప్పు పుస్తకమునకే ఈ గతి పట్టినదనిన, ఆ మాట చెప్పవలసిన అవసరము ఎంత ఉండెనో తెలియగలదు.

నర్సునకు రోగికి ఏర్పడు సంబంధము నాలుగు దశలుగా నడచునని పెప్లా వివరించినది. మొదట ఇద్దరును పరాయివారు; ఒకరినొకరు తెలిసికొందురు. రెండవ దశలో, తనకు ఎవరు సహాయపడగలరో రోగి గుర్తించును. మూడవ దశలో ఆ సహాయమును పూర్తిగా వినియోగించుకొనును. నాల్గవ దశలో సంబంధము ముగిసి, రోగి తన కాళ్ళపై తాను నిలుచును. ఈ క్రమములో నర్సు ఒకప్పుడు ఉపాధ్యాయిని, ఒకప్పుడు సలహాదారు, ఒకప్పుడు తల్లి స్థానములో నిలిచిన మనిషి.

పెప్లా చెప్పిన మరియొక ముఖ్య విషయము ఆందోళన మట్టములు. ఆందోళన కొద్దిగా ఉన్నచో మనస్సు చురుకుగా ఉండును. పరీక్ష ముందు విద్యార్థి వలె. అది పెరిగిన కొలది గ్రహణశక్తి ఇరుకగును. తీవ్రమైనప్పుడు ఎదుటివారు చెప్పిన పది మాటలలో ఒకటి రెండు మాత్రమే లోపలికి పోవును. అట్టివానికి పొడవైన ఉపదేశము చేయుట నిండిన కుండలో నీళ్ళు పోయుట వంటిది. చిన్న వాక్యము, నెమ్మదియైన కంఠము, ఒక్కొక్కసారి ఒక్క విషయము—ఇదే అప్పుడు పనికివచ్చునది.

మెచ్చదగిన సూత్రములు

పెప్లా తరువాతివారు ఈ భావములను పట్టికలుగా కూర్చిరి. రోగి చెప్పదలచినది చెప్పుటకు వీలగు ప్రశ్న అడుగుట, రోగి మాటనే తిరిగి పలుకుట, తెలియనిది అడిగి స్పష్టపరచుకొనుట, మౌనముగా ఉండుట మొదలైనవి మేలు చేయునవి. ఉత్తుత్తి ధైర్యము చెప్పుట, అడుగకయే సలహా ఇచ్చుట, తప్పుపట్టుట, ‘ఎందుకు’ అని నిలదీయుట కీడు చేయునవి.

వీనిలో కొన్ని సూత్రములు ఏ నేలనైనను మొలచునట్టివి. ఉత్తుత్తి ధైర్యము సంగతి చూడుడు. ఇది పెప్లా కనిపెట్టినది కాదు. ఫ్లారెన్సు నైటింగేలు 1859 నాటి తన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’లో, రోగి కడకు వచ్చి ఊరక ఆశలు చెప్పి, సలహాలు కురిపించువారిని గూర్చి ఒక ప్రత్యేక అధ్యాయమే వ్రాసినది. “ఏం కాదులే” అనుటలో చిక్కేమనగా, ఆ మాటతో రోగి చెప్పబోవు సంగతికి విలువ లేదని తీర్పు జరిగిపోవును. మరల చెప్పుటకు రోగికి మొగము చెల్లదు.

‘ఎందుకు’ అను ప్రశ్న మన భాషలో మరింత పదునైనది. “ఎందుకట్ల చేసినావు?” అనునది తెలుగులో కారణము అడుగుట కాదు, తప్పు మోపుట. ఈ సూత్రమును మనము మార్పు లేకుండ గ్రహింపవచ్చును.

లేని కంఠములు వినిపించు రోగితో మాటలాడు పద్ధతియు అట్టిదే. అతని మాట నిజమని ఒప్పుకొనరాదు, అబద్ధమని వాదింపరాదు. “నాకైతే వినపడలేదన్నా. నువ్వు మాత్రం శానా భయపడతాండావని తెలుస్తాంది” అనవలెను. కంఠము సంగతి ఎట్లున్నను భయము నిజము. గాలి సోకినదని ఒకరు, నటించుచున్నాడని ఒకరు అను చోట, వాదము వదలి భయమును పట్టుకొనుమని చెప్పు సూత్రము ఎంతయో విలువైనది.

ఋజువు ఎంత?

మెచ్చుకొనుటతో విమర్శ ముగియరాదు. ఈ పట్టికలకు శాస్త్రీయమైన ఋజువు ఎంత ఉన్నదో చూడవలెను.

రోగికి చికిత్సకునికి నడుమ కుదిరిన పొత్తునకు, చికిత్సాఫలితమునకు సంబంధము కలదనుటకు మానసిక చికిత్సారంగములో చాల సాక్ష్యము ఉన్నది. 295 పరిశోధనలను కలిపి 2018లో ప్రకటించిన లెక్కలో ఈ సంబంధము సుమారు 0.28 అని తేలినది. పూర్తి సంబంధమునకు ఈ సంఖ్య 1, సంబంధమే లేకున్న 0. 0.28 వర్గము సుమారు 0.08. అనగా రోగుల ఫలితములలో కనిపించు హెచ్చుతగ్గులలో వందకు ఎనిమిది పాళ్ళు పొత్తుతో ముడిపడియున్నవి. ఇది చిన్నదే అయినను లెక్కకు రానిది కాదు. అయితే రెండు విషయములు కలిసి పెరిగినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. కోలుకొనుచున్న రోగికి చికిత్సకునిపై గురి కుదురుటయు సహజమే గదా!

మాటతీరులో తరిఫీదు ఇచ్చినచో తీవ్రమైన మనోవ్యాధి గల రోగులకు మేలగునా అను ప్రశ్నపై 2017లో కొక్రేన్ సంస్థ సమీక్ష ప్రకటించినది. నియమములకు సరిపడిన ప్రయోగము వారికి ఒక్కటే దొరకినది. అదియు చిన్నది, అందులో తరిఫీదు పొందినవారు మనోవైద్యులు, నర్సులు కారు. కనుక ‘ఇన్ని మెలకువలు మేలైనవి, ఇన్ని చెడ్డవి’ అని పట్టికను గుణకారపు ఎక్కమువలె కంఠస్థము చేయించుట శాస్త్రసమ్మతము కాదు. ఋజువు లేదనిన అబద్ధమని అర్థము కాదు. ఇంకను పరీక్షింపవలసియున్నదని అర్థము. అట్టి పరీక్ష మన భాషలో, మన ఆసుపత్రులలో జరుగవలెను.

పరాయితనము, చుట్టరికము

పెప్లా సంబంధమునకు ఆరంభము ఇద్దరు పరాయివారు ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుండుట. మన ఆసుపత్రిలో ఈ చిత్రము రెండు చోట్ల చెదరును.

మొదటిది, రోగి ఒంటరిగా రాడు. భార్యయో, కొడుకో, అన్నయో వెంట ఉండును. ప్రశ్న రోగిని అడిగిన, జవాబు వెంట వచ్చినవాడు చెప్పును. దీనిని పాశ్చాత్య గ్రంథములు అడ్డంకిగా చూచును. కాని 1950లలో అమృతసర్ మానసిక ఆసుపత్రిలో డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారములలో ఉంచి, వారిని చికిత్సలో భాగస్వాములను చేసెను. మన దేశమునకు తగిన మార్గము అదియే. అయినను రోగికి తనకై కొన్ని నిమిషములు కావలెను. కోడలి గోడు అత్త ముందర వెలువడదు. ఇంటివారిని గౌరవించుచునే రోగితో విడిగా మాటలాడు ఉపాయము నర్సునకు నేర్పవలెను. పట్టీ కట్టు సమయము, మందు ఇచ్చు సమయము అట్టి సందులు. రెండవ నర్సు చేసినది ఇదియే.

రెండవది, మన నర్సు పరాయిగా ఉండలేదు. నోరు తెరచిన వెంటనే ఆమె ‘పెద్దమ్మా’, ‘అన్నా’, ‘అవ్వా’ అనవలసినదే. వరుస కలుపక మాటలాడు నర్సును మా ప్రాంతపువారు గర్విష్ఠి యనుకొందురు. ఇంగ్లీషు పాఠమును మక్కికి మక్కిగా అనుసరించి, “మీరు ఇప్పుడు ఎలా అనుభూతి చెందుతున్నారు?” అని అడిగినచో మా చిన్నమ్మ తెల్లమొగము వేసియుండెడిది.

కాని వరుసతో పాటు ఒక చిక్కును వచ్చును. చుట్టమునకు బుద్ధి చెప్పు అధికారము ఉన్నది. వరుస కలుపగానే నర్సు నోట సలహా, మందలింపు వాటంతట అవే వెలువడును. “నీకేం తక్కువ?” అనిపించినది ఆ చుట్టరికమే. కావున నా అభిప్రాయములో మన నర్సునకు నేర్పవలసిన సూత్రమిది: వరుసను నిలుపుకొనుము, వరుస ఇచ్చు అధికారమును వదలుకొనుము. ఈ సూత్రము ఏ ఇంగ్లీషు పట్టికలోను నాకు కనిపించలేదు. ఆ అవసరము వారికి లేకుండుటయే కారణము కావచ్చును.

ఏకవచనము సంగతియు ఇట్టిదే. అవ్వను ‘నువ్వు’ అనుటలో మా ప్రాంతమున ప్రేమయే కాని అమర్యాద లేదు. అదే ‘నువ్వు’ను ముక్కుమొగము తెలియని కూలివానిపై ప్రయోగించిన అది వేరు. ఈ రెంటికిని భేదము తెలియుటకు ఒక పరీక్ష కలదు: ఆ వయస్సుననే ఉన్న తహశీలుదారు వచ్చియుండిన నర్సు అదే మాట వాడునా? వాడనిచో అది ప్రేమ కాదు.

కడుపుమంట అజ్ఞానము కాదు

మనోవేదనను చెప్పుటకు తెలుగు తరచుగా శరీరమును ఆశ్రయించును. కడుపు తరుగుకొనిపోవును, గుండె చెరువగును, మనసు విరుగును, ఒళ్ళు మండును, కాళ్ళ క్రింద నేల కదలును. ‘నాకు ఆందోళనగా ఉన్నది’ అను వాక్యము పుస్తకములలోనిది. ‘గుండె దడదడ కొట్టుకులాడుతాంది’ అనునది నోటిలోనిది. కావున రోగి కడుపుమంట అనగానే, మనస్సును గూర్చి చెప్పుట చేతకానివాడని తలంచుట పొరపాటు. అతడు చెప్పుచునేయున్నాడు, వినువారికి ఆ భాష రాలేదు. అయితే ప్రతి కడుపుమంటయు మనోవేదనయే అనుట మరియొక పొరపాటు. కడుపును పరీక్షింపవలెను, రాత్రి పొద్దు ఎట్లు గడచుచున్నదో అడుగను వలెను.

మా సీమలో అందరికిని తెలిసిన ఒక పోలిక చెప్పెదను. వేరుశనగ పువ్వు నేల పైన పూయును. కాయ నేల లోపల ఊరును. పువ్వు ఫలదీకరణమైన పిమ్మట ఊడ క్రిందికి దిగి మట్టిలో చొరవలెను. నేల గట్టిపడియున్న ఊడ దిగదు. పూత ఎంత ఉన్నను కాయ పట్టదు. రోగి పైకి చెప్పు కడుపుమంట పూత వంటిది. అది లోతునకు దిగుటకు ఎదుటివారి మాట నేలను గుల్లపరచవలెను. తొందరపాటు సలహా నేలను త్రొక్కి గట్టిపరచును.

ఊకొట్టుట

ఇంగ్లీషు పట్టికలలో ‘మౌనము’నకు పెద్దపీట వేసియున్నారు. రోగి ఆగినప్పుడు నర్సు తొందరపడక వేచియుండవలెనని భావము. భావము మంచిదే. కాని మన సంభాషణలో కేవల మౌనము కొన్ని యెడల కోపమునకో, ఉపేక్షకో గుర్తు. మన వాడుకలో దీనికి ఇంతకంటె మేలైన సాధనమున్నది. అది ఊకొట్టుట.

కథ చెప్పు అవ్వ, “ఊ కొట్టకుంటే చెప్పను” అనును. బుఱ్ఱకథలో కథకుని ప్రక్క వంతలు లేనిదే కథ సాగదు. చెప్పువానికి వినువాడు ఉన్నాడని తెలియజేయు ధర్మము మన భాషలో ముందునుండియు ఉన్నది. ‘ఊ’ అనుటలో ఒప్పుకొనుట లేదు, కాదనుట లేదు, సలహా లేదు. ‘నేను ఇక్కడే ఉన్నాను, చెప్పుము’ అనుట మాత్రమే ఉన్నది. దానికి తోడు రోగి ఆపిన చోటి చివరి మాటను తిరిగి పలికిన, రోగి అక్కడినుండి అందుకొనును. ఆ రెండవ నర్సు ఈ రెంటిని కలిపి వాడినది. ఆమె దీనిని పుస్తకములో చదివినదో, వాళ్ళ అవ్వ వద్ద నేర్చినదో నేనెరుగను.

టెలిఫోనులో ఈ సాధనము విలువ మరింత పెరుగును. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ‘టెలి మానస్’ అను ఉచిత సహాయ సేవను ఆరంభించినది. 14416 సంఖ్యకు ఫోను చేసి మనోవేదన చెప్పుకొనవచ్చును. తెలుగులో మాటలాడు ఏర్పాటు కలదు. ఫోనులో మొగము కనబడదు, తల ఊపుట కనబడదు. అక్కడ మౌనము వహించిన తీగ తెగినదనుకొందురు. ‘ఊ’ ఒక్కటియే అక్కడ మనిషి ఉన్నాడనుటకు గుర్తు.

దాఖలాలో రోగి మాట

ఇంతవరకు చెప్పినవానికంటె ముఖ్యమైన లోపము ఒకటి ఉన్నది. నర్సింగు విద్యార్థినులు రోగితో జరిపిన సంభాషణను గళ్ళు గీసిన కాగితముపై వ్రాసి చూపవలెను. రోగి ఏమనెను, నర్సు ఏమనెను, దాని అర్థమేమి, అందు వాడిన మెలకువ ఏది అని ఒక్కొక్క గడి. అభ్యాసమునకు ఇది చక్కని పద్ధతి. కాని నర్సింగు చదువు ఇంగ్లీషులో సాగుచున్నందున ఈ దాఖలాయు సాధారణముగా ఇంగ్లీషులోనే వ్రాయుదురు. సంభాషణ జరిగినది తెలుగున! “తెల్లారకుండ ఉంటే బాగుండు” అని రోగి అన్న మాట కాగితము మీద ‘నిద్రలేమి, నిరాశ’ అని రెండు ఇంగ్లీషు ముక్కలగును. ఆ రెండు ముక్కలలో చావుతలంపు జాడ ఏది? మరుసటి వారము వచ్చు నర్సునకు అది ఎట్లు తెలియును?

ప్రయోగశాలలో మేము పిల్లలకు మొదట నేర్పునది, చూచినది చూచినట్లు వ్రాయుట. అర్థము తరువాత వ్రాయుట. పరిశీలనను, నిర్ణయమును ఒకే గడిలో కలిపినవానికి మార్కులు తగ్గింతుము. రోగి మాటను అనువదించి, క్లుప్తపరచి వ్రాయుట ఇట్టి తప్పే. కావున నా సూచన చిన్నది, ఖర్చు లేనిది: ఆ కాగితముపై మొదటి గడిలో రోగి మాటను రోగి భాషలోనే, తెలుగు లిపిలో, ఉన్నదున్నట్లు వ్రాయవలెను. పరీక్ష ఇంగ్లీషులోనే ఉండుగాక. ఆ ఒక్క గడి తెలుగున ఉండుటకు అడ్డమేమి?

ఇది చుట్టుప్రక్కల సంగతులను బట్టియు అవసరము. మా ప్రాంతపువారు పలువురు మనోవైద్యమునకై బెంగుళూరులోని నిమ్హాన్స్‌కు పోవుదురు. 1954లో ఏర్పడిన అఖిలభారత మానసిక ఆరోగ్య సంస్థ, మైసూరు ప్రభుత్వపు పాత మానసిక ఆసుపత్రి 1974లో కలిసి అది ఏర్పడినది. అక్కడ రోగి మాట తెలుగు, నర్సు మాట కన్నడమో, మలయాళమో కావచ్చును. ఆ సంస్థవారే 1985లో మాకు పొరుగు జిల్లాయైన బళ్ళారిలో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు తరిఫీదు ఇచ్చి, మనోవైద్యమును పల్లెలకు చేర్చు ప్రయత్నము చేసిరి. దేశమున జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు అదే ఒరవడి అయినది. పల్లె కార్యకర్తకు రోగి భాష వచ్చును. అదియే ఆ పద్ధతి బలము. ఆ బలము కాగితముపై జారిపోరాదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. రోగిని గొలుసులతో బంధించుటను అది నిషేధించినది. వ్యాధిని, చికిత్సను గూర్చిన సమాచారమును రోగికి అర్థమగు భాషలో తెలుపవలెననియు 22వ సెక్షను చెప్పుచున్నది. ఇది గొప్ప మాట. అయితే డాక్టరు మాట రోగికి అర్థము కావలెననుట సగమే. రోగి మాట డాక్టరునకు చెడకుండ చేరవలెననుట మిగిలిన సగము. ఆ సగమును నెరవేర్చవలసినది నర్సు.

పేర్ల సంగతి

క్రొత్త పుస్తకములలో ‘రోగి’ అనక ‘క్లయింటు’ అనుచున్నారు. కార్ల్ రోజర్స్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1951లో వ్రాసిన గ్రంథము పేరులోనే ఈ మాట ఉన్నది. వైద్యుని చేతిలో బొమ్మ వంటివాడు కాక, సహాయము కోరి వచ్చిన సమానుడు అని ఆయన భావము. భావము శ్లాఘ్యమే. తెలుగులో ఆ మాటకు దొరకు పదము ‘కక్షిదారు’. అది కోర్టు మెట్ల మీది మాట. ‘క్లయింటు’ అని అట్లే వాడిన వ్యాపారపు వాసన కొట్టును. వరుస పెట్టి పిలుచు మన ఊళ్ళలో మనిషిని ఏమని వ్రాయవలెనను చిక్కు కాగితముపైననే కాని నోట లేదు. అందుచే నేను ‘రోగి’ అనియే వ్రాసితిని. గౌరవము పేరు మార్చుటలో కంటె వినుటలో ఎక్కువ ఉన్నది.

ఉపాధ్యాయులకు ఒక మనవి

ఈ పత్రికను చదువు ఉపాధ్యాయులు నర్సులు కారు. కాని కరవు సంవత్సరమున ఇంటి బాధ పిల్లవాని వెంట తరగతికి వచ్చును. లెక్కలు బాగుగ చేయువాడు హఠాత్తుగ వెనుకబడును. మాటలాడు పిల్ల మూగబోవును. అప్పుడు మన నోట సాధారణముగా వచ్చునవి మూడు: “ఇంత దానికేనా?”, “మా కాలంలో మేం ఎన్ని పడలేదు!”, “ఎందుకిట్ల తయారైనావు?” మొదటిది ఉత్తుత్తి ధైర్యము, రెండవది ఉపదేశము, మూడవది నిలదీత. పట్టికలోని మూడు దోషములును మన సొత్తే.

వాని బదులు ఒంటరిగా పిలిచి, “ఇంటికాడ పొద్దు ఎట్ల గడుస్తాంది?” అని అడుగుడు. ఊకొట్టుడు. పిల్లవాడు తనంతట తాను ఆగువరకు సలహా ఇయ్యకుడు. చావవలెనను తలంపు ఉన్నదేమో అని అనుమానము కలిగిన సూటిగా అడుగుడు. అడిగిన ఆ తలంపు క్రొత్తగా పుట్టునను భయము నిరాధారమని పరిశోధనలు చెప్పుచున్నవి. విన్నదానిని ఉపాధ్యాయుల గదిలో కబురుగా చెప్పకుడు. ప్రాణాపాయము తోచిన మాత్రము దాచరాదు. ఇంటివారికి, డాక్టరునకు తెలిపి, పిల్లవానిని ఒంటరిగా విడువక ఉండవలెను. పిల్లవాడు అన్న ముఖ్యమైన వాక్యము ఒక్కటి, అన్నది అన్నట్లు వ్రాసి ఉంచుకొనుడు. డాక్టరు వద్దకు పోవలసివచ్చిన, మీ అభిప్రాయముకంటె ఆ వాక్యము ఎక్కువ ఉపకరించును.

పెప్లా గ్రంథము నర్సు మాటకు శాస్త్రములో చోటు సంపాదించినది. అది గొప్ప ఉపకారము. ఆ చోటును మన భాషతో నింపుట మన పని. అనువాదములతో అది జరుగదు. మన నర్సులు, మన రోగులు నిజముగా అనుకొన్న మాటలను కూర్చి, ఏది తలుపు తెరచెనో, ఏది మూసెనో పరిశీలించి, తెలుగులో క్రొత్త పట్టిక వ్రాసిననాడు అది జరుగును. దానిలో మొదటి వరుసలో చేర్చుటకు నా వద్ద ఒక వాక్యము సిద్ధముగా ఉన్నది: “రాత్రి పొద్దు ఎట్ల గడుస్తాంది చిన్నమ్మా?”